కువైట్ నుంచి వచ్చిన పిల్లని మన ఊరి బడిలో చేర్చడం ఎలా

జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ వారంలో రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఏ బడి ఆఫీసు గది ముందు చూసినా ఒక అమ్మమ్మ కనిపిస్తుంది. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, పక్కన మనవరాలు. కూతురు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటుంది. మన వైపు ఎక్కడికెళ్ళినా ‘దుబాయ్ వెళ్ళింది’ అనే అంటారు కాబట్టి ఏ దేశమో కవరు విప్పితే గానీ తెలియదు.

ఆ గదిలో బల్లకి అటువైపు, హెడ్మాస్టరుగా, నేను ఇరవై రెండేళ్ళు కూర్చున్నాను. రిటైరయ్యాక ఇటువైపు, అమ్మమ్మల పక్కన కూర్చుంటున్నాను. అందుకని ఇది చదివేది తల్లిదండ్రులైనా కాకపోయినా, నేను మాట్లాడేది మాత్రం ఆ కవరు పట్టుకున్న మనిషితోనే.

అన్నిటికంటే ముందు ఒక సంగతి బుర్రలో పెట్టుకోండి. బడి వేరు, పౌరసత్వం వేరు. రెండింటికీ వేర్వేరు చట్టాలు, వేర్వేరు ఆఫీసులు. ‘పాస్‌పోర్టు తేలాక చేరుద్దాం’ అని రెంటినీ కలిపి ముడేసిన ఇళ్ళలోనే పిల్లలు ఏడాదికేడాది ఖాళీగా కూర్చుంటున్నారు. బడిలో ఇవాళ చేర్చండి. పౌరసత్వం పని రేపు మొదలుపెట్టండి. రెండోది తేలడానికి ఎంత కాలమైనా పట్టనివ్వండి.

పిల్ల ఏ కాగితంతో దిగింది?

కవరు విప్పి చూడండి. పిల్ల ఇక్కడే పుట్టి, అమ్మానాన్నలతో వెళ్ళి, ఇండియన్ పాస్‌పోర్టుతో తిరిగొస్తే మీకు పెద్ద పనేమీ లేదు. అక్కడి స్కూలు టీసీ ఉంటే మంచిది, లేకపోయినా ఫర్వాలేదు. అక్కడ పుట్టినా మన ఎంబసీలో రిజిస్ట్రేషన్ చేయించి పాస్‌పోర్టు తీసుకున్న పిల్లకీ అంతే.

చిక్కంతా మూడో రకంతో. అక్కడే పుట్టి, ఏ రిజిస్ట్రేషనూ లేకుండా, తల్లితోపాటు, పాస్‌పోర్టు లేనివాళ్ళకి ఎంబసీ ఇచ్చే ఔట్‌పాస్ మీద వచ్చిన పిల్ల. ఈ పిల్లలు ఎందుకు ఇలా మిగిలిపోతారో ఒకసారి చెప్పుకోవాలి, ఎందుకంటే ఊళ్ళో దీన్ని తల్లి తప్పుగా చూస్తారు. ఖద్దామా వీసా మీద, అంటే కువైట్ చట్టంలో ఆర్టికల్ 20 కింద, ఇంటి పనికి వెళ్ళిన మనిషికి కుటుంబాన్ని దగ్గర పెట్టుకునే వీలు లేదు. ఇంటి డ్రైవరుదీ అదే ఆర్టికల్. కంపెనీ వీసా, ఆర్టికల్ 18 వాళ్ళకైతే తగినంత జీతం చూపిస్తే ఆర్టికల్ 22 కింద భార్యాపిల్లలకి అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, వస్తుంది. తల్లి ఖద్దామా, తండ్రి డ్రైవరు అనుకోండి. వాళ్ళ పిల్లకి ఏ గడిలోనూ చోటు లేదు. అకామా లేకపోతే సివిల్ ఐడీ, అంటే అక్కడి గుర్తింపు కార్డు, రాదు. సివిల్ ఐడీ లేకపోతే అక్కడి ఇండియన్ స్కూలు చేర్చుకోదు. పైగా వీసా ఇప్పించిన యజమాని, అంటే కఫీల్‌ని వదిలి బయటికొచ్చేసి ‘ఖల్లివెల్లి’ అయిన తల్లి పిల్లని ఆఫీసులకి తీసుకెళ్ళడానికే భయపడుతుంది. అలా ఏడేళ్ళొచ్చినా ఒక్క అక్షరం రాకుండా గదిలో టీవీ ముందు పెరిగిన పిల్లలు, 2018లో, 2020లో, 2024లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించి అకామా లేనివాళ్ళని ఇంటికి వెళ్ళనిచ్చినప్పుడు తల్లులతో కలిసి విమానం ఎక్కారు.

తిరిగొచ్చిన పిల్లలు మన డెల్టాకి కొత్త కాదు లెండి. కాకినాడ పక్కన కోరంగి రేవులో ఓడలెక్కి రంగూన్ వెళ్ళినందుకే బర్మాలో మనవాళ్ళని ‘కోరంగీ’లు అనేవారు. 1942లో యుద్ధానికి జడిసి నడిచి వచ్చినవాళ్ళూ, 1960లలో అక్కడి ప్రభుత్వం దుకాణాలు లాక్కుంటే వచ్చినవాళ్ళూ పిల్లల్ని వెంటబెట్టుకునే వచ్చారు.

ఇంకా అక్కడే ఉంటే, ఎక్కే ముందు

కూతురు ఫోనులో ‘వచ్చేస్తున్నా’ అంటే, ముందు ఈ నాలుగూ చెప్పండి. ఆసుపత్రి ఇచ్చిన కాగితం, ఎంత నలిగినా సరే, పారేయొద్దు. అక్కడి జనన ధ్రువపత్రం ఉంటే దాని మీద ముందు ఆ దేశపు విదేశాంగ శాఖ ముద్ర, తర్వాత మన ఎంబసీ ముద్ర వేయించుకోవాలి. అరబీలో ఉంటే ఇంగ్లీషు తర్జుమా కూడా అక్కడే చేయించుకుంటే సుఖం, ఇక్కడ అరబీ చదివేవాళ్ళని వెతుక్కోవడం ఒక పెద్ద పని. పెళ్ళి కాగితం వెంట ఉంచుకోవాలి, అక్కడ పెళ్ళి కాగితం చూపించకపోతే పిల్లకి జనన ధ్రువపత్రమే ఇవ్వరు. ఇక ఔట్‌పాస్. అది ఒక్కసారి ప్రయాణానికి మాత్రమే ఇచ్చే కాగితం. దిగాక అది మీ చేతిలోనే ఉంటుందని నమ్మకం పెట్టుకోవద్దు. ఎక్కే ముందే రెండువైపులా ఫొటో తీసి మీకు వాట్సాప్ చేయమనండి. బోర్డింగ్ పాస్ కూడా. ఎందుకో కింద చెబుతాను.

పిల్ల ఏడాది లోపుదైతే ఇంకా పెద్ద పని ఉంది. అదీ కిందే.

బడికి వెళ్ళడం

దిగిన వారంలోనే వెళ్ళండి. ఆగస్టు అయినా, జనవరి అయినా వెళ్ళండి. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ వరకు ‘ప్రతి బిడ్డ’కీ దగ్గర్లోని బడిలో ఉచితంగా చదువు చెప్పాలంటుంది. ‘ప్రతి పౌరుడు’ అనలేదు చూడండి. రాజ్యాంగంలో 21ఏ కూడా పిల్లలందరికీ అనే అంది. ఆ ఒక్క మాట మీదే మీ కేసంతా నిలబడుతుంది.

మిమ్మల్ని అడిగే ప్రశ్నలు, మీరు చెప్పాల్సిన జవాబులు ఇవి.

‘పుట్టిన తేదీ రుజువు ఏది?’ వయసు రుజువు లేదని ఏ బిడ్డనీ చేర్చుకోకుండా ఉండకూడదని సెక్షన్ 14. ఆసుపత్రి కాగితం, ఊరి నర్సమ్మ (ఏఎన్ఎం) రిజిస్టరు, అంగన్‌వాడీ రికార్డు, ఇవేవీ లేకపోతే సంరక్షకుల రాతపూర్వక ప్రకటన సరిపోతుంది. తెల్లకాగితం మీద ఇలా రాయండి: ‘నేను ఫలానా ఊరి నివాసిని. నా సంరక్షణలో ఉన్న నా మనవరాలు ఫలానా తేదీన కువైట్‌లో పుట్టింది. జనన ధ్రువపత్రం ప్రస్తుతం నా దగ్గర లేదు. ఈ వివరాలు నాకు తెలిసినంతవరకు నిజం.’ సంతకం, ఫోన్ నంబరు. వేలిముద్ర అయినా సరే.

‘తల్లిదండ్రులు రావాలి కదా?’ అక్కర్లేదు. పిల్ల ఎవరి సంరక్షణలో ఉంటే వాళ్ళే సంరక్షకులని చట్టంలోనే ఉంది. అమ్మమ్మ, మేనమామ, పెద్దమ్మ, ఎవరైనా.

‘టీసీ లేదా?’ బడికే వెళ్ళని పిల్లకి టీసీ ఎక్కడిది? వెళ్ళిన పిల్లకైనా టీసీ ఆలస్యమైందని అడ్మిషన్ ఆపకూడదు.

‘అడ్మిషన్లు అయిపోయాయి.’ గడువు దాటినా చేర్చుకోవాలని సెక్షన్ 15.

‘ఆధార్?’ అన్నిటికంటే ఎక్కువమంది దీని దగ్గరే వెనక్కి తిరుగుతారు. బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదని 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కంప్యూటర్లో ఆ గడి ఖాళీగా ఉంటే హెడ్మాస్టరుకి టెన్షనే, కాదనను. నేనూ పడ్డాను. పైనుంచి రోజూ ఫోన్లు వస్తాయి. కానీ ఆ టెన్షన్ ఆయనది, పిల్లది కాదు. నెమ్మదిగా, గౌరవంగా అదే చెప్పండి.

ఏడేళ్ళ పిల్లని ఐదేళ్ళ పిల్లల పక్కన ఒకటో తరగతిలో కూర్చోబెడతామంటే ఒప్పుకోవద్దు. వయసుకు తగ్గ తరగతిలో చేర్చి, వెనకబడిన చదువుకి విడిగా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని సెక్షన్ 4 చెబుతుంది. ఇది కాగితం మీద ఉన్నంత బాగా బడిలో జరగదు, నిజమే. ఒక పిల్ల సంగతి చెబుతాను. 2024 క్షమాభిక్షలో వచ్చింది, తొమ్మిదేళ్ళు. తెలుగు గలగలా మాట్లాడేది, మధ్యలో అరబీ పడేది. పలక చూస్తే మాత్రం దాక్కునేది. మొదట వెళ్ళిన బడి ‘ముందు కాగితాలు తీసుకురండి’ అని పంపేసింది. రెండో బడిలో ఉన్న టీచరమ్మ ఆ పిల్లని నాలుగులో కూర్చోబెట్టి, మధ్యాహ్నం అన్నాలయ్యాక రోజూ అరగంట ఒకటో తరగతి వాచకం చదివించింది. సంక్రాంతికి పిల్ల ముగ్గు పక్కన తన పేరు రాసింది. ఐదేళ్ళ పిల్లల మధ్య కూర్చోబెట్టి ఉంటే సిగ్గుతో బడే మానేసేదని నా నమ్మకం.

అన్నం సంగతొచ్చింది కాబట్టి, మధ్యాహ్న భోజనానికి ఏ కార్డూ అడగరు. ఆ పథకానికిప్పుడు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో కూర్చుని, వచ్చినవాడు ఎవరని అడక్కుండా పెట్టిన తల్లి పేరు అది.

పిల్లకి 14 దాటిపోతే? చేరేటప్పటికి 14 లోపు ఉంటే, ఆ తర్వాత వయసు దాటినా ఎనిమిది పూర్తయ్యేదాకా హక్కు ఉంటుంది. అప్పటికే దాటేస్తే ఏపీ ఓపెన్ స్కూల్‌లో పది రాయించండి.

పేరు రాయించే ముందు ఆగండి

ఇక్కడ మాత్రం తొందర పడొద్దు. అరబీలో ‘ప’ అక్షరం లేదు. దాన్ని ‘బ’గా రాస్తారు. తిరిగి ఇంగ్లీషులోకి వచ్చేటప్పుడు ఆ ‘బ’ అలాగే ఉండిపోతుంది. నా చేతికొచ్చిన ఒక కాగితంలో పావని కాస్తా ‘బావని’ అయి కూర్చుంది. నవ్వుకున్నాం గానీ, ఆ కాగితం చూసి గుమాస్తా అడ్మిషన్ రిజిస్టరులో అలాగే ఎక్కిస్తే పదో తరగతి సర్టిఫికెట్లో ఆ పిల్ల జీవితాంతం బావనే. ఇంటిపేరు కూడా చూడండి. అక్కడ పిల్ల పేరు, తండ్రి పేరు, తాత పేరు వరసగా రాస్తారు. మన ఇంటిపేరు ఎక్కడో గల్లంతవుతుంది, తాత పేరు ఇంటిపేరైపోతుంది.

కాబట్టి తల్లి పాస్‌పోర్టు, తండ్రి పాస్‌పోర్టు, అక్కడి కాగితం మూడూ పక్కపక్కన పెట్టండి. ఏ స్పెల్లింగు ఉంచుకుంటారో ఇంట్లో తేల్చుకోండి. ఒక చీటీ మీద పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకెళ్ళండి. రిజిస్టరులో రాశాక మీ కళ్ళతో చూడండి, చదువు రాకపోతే పక్కన ఏడో తరగతి పిల్లని పిలిచి చదివించుకోండి. పుట్టిన తేదీ కూడా అంతే. గుర్తు లేదని ‘జూన్ 1 వేసేయండి’ అంటారు చాలామంది. వేసేయకండి. ఆ తేదీ తర్వాత వచ్చే పౌరసత్వం కాగితంతో కలవకపోతే పదో తరగతి పరీక్ష రాసేవాళ్ళ జాబితా (నామినల్ రోల్) పంపే నాటికి మీరు ఆర్డీవో ఆఫీసు చుట్టూ తిరుగుతారు.

అరవై రోజుల లెక్క

బోర్డింగ్ పాస్ దాచమన్నది ఇందుకే. విదేశంలో పుట్టి అక్కడ ఎంబసీలో జననం నమోదు కాని పిల్లని తీసుకుని, తల్లిదండ్రులు ఇక్కడే స్థిరపడటానికి వస్తే, పిల్ల దిగిన రోజు నుంచి 60 రోజుల్లోపు ఇక్కడ పుట్టిన పిల్లకి చేసినట్టే జననం నమోదు చేయించుకోవచ్చు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం సెక్షన్ 20లో ఉంది ఇది. ఇది తెలిసిన పంచాయతీ కార్యదర్శులు తక్కువ. సెక్షన్ నంబరు చీటీ మీద రాసుకెళ్ళి చూపించండి. గడువు దాటితే ఆలస్యపు నమోదు దారిలో వెళ్ళాలి. ఏడాది కూడా దాటిపోతే ఆర్డీవో స్థాయిలో ఆర్డరు కావాలి. అదీ అవుతుంది, కాకపోతే తిప్పట ఎక్కువ.

2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకైతే పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారమని చట్టం మార్చారు. చంటిపిల్లతో వచ్చినవాళ్ళు ఈ 60 రోజులు అస్సలు వదులుకోవద్దు.

కానీ పంచాయతీ ఇచ్చే ఈ కాగితం పిల్ల ఎప్పుడు, ఎక్కడ పుట్టిందో చెబుతుంది. ఏ దేశపు పౌరురాలో చెప్పదు.

పౌరసత్వం

2004 డిసెంబరు 3 తర్వాత విదేశంలో పుట్టిన బిడ్డ, తల్లిదండ్రులు భారతీయులైనా సరే, పుట్టిన ఏడాదిలోపు మన ఎంబసీలో రిజిస్టర్ అయితేనే భారత పౌరులవుతారు. పౌరసత్వ చట్టం సెక్షన్ 4. బిడ్డకి వేరే దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. ‘మేమిద్దరం ఇండియన్లం, పిల్ల ఇండియన్ కాకుండా ఎలా పోతుంది?’ అని అడుగుతారు. 2004 ముందు లెక్క అదే. ఇప్పుడు కాదు. అందుకే ఏడాది లోపు పిల్లయితే, విమానం టికెట్ కంటే ముందు ఎంబసీ రిజిస్ట్రేషన్ చూసుకోమని కూతురికి చెప్పండి.

గడువు దాటి వచ్చేసిన పిల్లకి రెండు దారులున్నాయి. తండ్రో తల్లో ఇంకా అక్కడే ఉంటే వాళ్ళ ద్వారా అక్కడి ఎంబసీలో ఆలస్యపు రిజిస్ట్రేషన్ అడగడం. ఇద్దరూ వచ్చేస్తే, భారత పౌరుల మైనర్ పిల్లల రిజిస్ట్రేషన్‌కి సెక్షన్ 5 కింద ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి, కలెక్టరేట్ ద్వారా నడిపించడం. కోనసీమ వాళ్ళు అమలాపురం వెళ్ళాలి, నరసాపురం, మొగల్తూరు వైపువాళ్ళు భీమవరం. ఔట్‌పాస్ ఫొటో ఇక్కడ పనికొస్తుంది. మన ఎంబసీ తల్లీపిల్లల్ని మనవాళ్ళుగా ఒప్పుకుని పంపిందనడానికి అదొక ఆధారం.

ఈ పని ఏజెంటు చేతిలో పెట్టకండి. కువైట్ పంపిన ఏజెంటే ‘పౌరసత్వం కూడా చేయిస్తా’ అని తిరుగుతుంటాడు. ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 చట్టం ఉంది. ఫోన్ 15100. రాజోలు, అమలాపురం, నరసాపురం కోర్టుకెళ్ళి న్యాయ సేవల కమిటీ ఎక్కడని అడగండి. లాయరుని వాళ్ళే పెడతారు.

ఆధార్ తీస్తే పౌరసత్వం వచ్చేసినట్టు కాదు. ఆధార్ చట్టమే ఆ మాట చెబుతోంది. అయినా పిల్ల బడికి వెళ్తే తల్లికి ప్రభుత్వం ఇచ్చే ‘తల్లికి వందనం’ డబ్బుకీ మిగతా పథకాలకీ పిల్ల ఆధార్, తల్లి బ్యాంకు ఖాతా, సచివాలయంలో ఇంటి జాబితాలో పేరు అడుగుతారు కాబట్టి తీయించండి. ఆ డబ్బు పడలేదని బడి మాన్పించినవాళ్ళని చూశాను, అందుకు చెబుతున్నాను.

అమెరికా మనవళ్ళు

భీమవరం, పాలకొల్లు వైపు ఇంకో రకం కవరు ఉంటుంది. అమెరికాలో పుట్టిన పిల్లని రెండేళ్ళు తాతయ్య దగ్గర పెంచుదామని పంపుతారు. ఆ పిల్ల పాస్‌పోర్టు అమెరికాది. టూరిస్టు వీసా మీద ఇక్కడ బడిలో చదివించడం కుదరదు. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు తీయించి పంపమనండి, అప్పుడు వీసా గొడవా రిజిస్ట్రేషన్ గొడవా ఉండదు. ఓసీఐ లేకుండా విదేశీ పాస్‌పోర్టుతో ఉంటే బడివాళ్ళు ఆ వివరం విదేశీయుల రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలి. ఒక్క హెచ్చరిక: పిల్లని డాక్టర్ని చేద్దామనుకునేవాళ్ళు గుర్తుంచుకోండి, 2021 మార్చి 4 తర్వాత ఓసీఐ తీసుకున్న పిల్లలకి నీట్‌లో ఎన్నారై సీట్లే.

అక్కడే ఉండి హెచ్‌1బీ అనే ఉద్యోగ వీసా పోయిందని కంగారుపడే తల్లిదండ్రులకి: ప్రభుత్వ స్కూలు మాన్పించకండి. ఇమిగ్రేషన్ కాగితం లేదని పిల్లల్ని ప్రభుత్వ బడి నుంచి తీసేయకూడదని 1982లోనే టెక్సాస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. కువైట్‌లో అకామా లేకపోతే బడి లేదు, అమెరికాలో వీసా పోయినా బడి ఉంటుంది. తేడా దేశాలది, పిల్ల చేసిన తప్పేమీ లేదు.

చెరువుల మీద కాపలా ఉండే ఒడిశా కుటుంబాల పిల్లలకీ, భీమవరంలో గూర్ఖా పిల్లలకీ బడి విషయంలో పైన చెప్పినవే వర్తిస్తాయి. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీలోని రోహింగ్యా శరణార్థుల పిల్లల గురించి విచారణ వచ్చినప్పుడు కూడా, చదువు దగ్గర ఏ బిడ్డ పట్లా వివక్ష ఉండకూడదన్నట్టుగానే సుప్రీంకోర్టు మాట్లాడింది.

కాదంటే

గొడవ పడకండి. ‘ఎందుకు చేర్చుకోవడం లేదో ఒక ముక్క రాసివ్వండి మాస్టారూ’ అనండి. పదిమందిలో తొమ్మిదిమంది రాసివ్వరు, రిజిస్టరు తీస్తారు. తీయకపోతే దరఖాస్తు మీరే రాసి, రెండో కాపీ మీద అందినట్టు సంతకం తీసుకుని మండల విద్యాధికారి (ఎంఈవో) దగ్గరికి వెళ్ళండి. అక్కడ తేలకపోతే జిల్లా విద్యాధికారి (డీఈవో). ఆపైన రాష్ట్ర బాలల హక్కుల కమిషన్. మధ్యలో పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. నేను చూసినంతలో ఎంఈవో దాటి పైకి వెళ్ళాల్సి వచ్చింది రెండే రెండు సార్లు.

ఇక కవరు. అన్నీ మూడేసి జిరాక్సులు తీయించండి, ఒక సెట్టు ఊళ్ళోనే కాక, బయట మెరకలో ఉన్న బంధువుల ఇంట్లో పెట్టండి. ఫొటోలు తీసి కూతురి ఫోనుకీ పంపండి. 2022 జులై వరదలో లంకలో ఒక ఇంటివాళ్ళు బియ్యం, టీవీ అటక మీదికి చేర్చారు. కవరు మంచం కింద ఉండిపోయింది. అక్కడి ఆసుపత్రి కాగితం రెండోసారి తెప్పించడానికి వాళ్ళకి పదకొండు నెలలు పట్టింది. పిల్ల అప్పటికే మూడో తరగతిలో ఉంది కాబట్టి సరిపోయింది.